పాలు పడని సారు

ఫోన్ వచ్చినప్పుడు నేను వెన్న తీసిన పాలపొడి మీద పని చేస్తున్నాను. అర్జెంటీనా కంపెనీ కాగితాలవి. స్పానిష్‌లో ఉన్నదాన్ని ఇంగ్లీషులోకి మార్చి సాయంత్రానికల్లా బెంగుళూరు ఏజెన్సీకి పంపాలి. ఫోన్ చేసింది పులివెందులలో ఉండే సారు మేనల్లుడు. "మామ పోయినాడు పాపా. నిద్దర్లోనే పోయినాడంట" అన్నాడు. ప్రొద్దుటూరులో సారు ఒక్కడే ఉండే ఇంటికి పొద్దున్నే పనామె వచ్చి తలుపు కొట్టిందని, ఎంతకీ తీయకపోతే పక్కింటి వాళ్లను పిలిచిందని చెప్పాడు. పులివెందుల దగ్గర సొంత తోటలోనే పూడుస్తామన్నాడు. "సరే అన్నా" అన్నాను. ఫోన్ పెట్టేసి, సగంలో ఆగిన వాక్యం పూర్తి చేశాను. పొడిలో తేమ ఎంతకు మించకూడదో చెప్పే వాక్యం అది.

ఏడుపు రాలేదు. జమ్మలమడుగులో మా ఇంటి ముందుగదిలోనే నా కంప్యూటరు ఉంటుంది. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి నా మొహం చూసి, ప్రార్థన చేసుకుందామా అంది. ఫైలు పంపినాక చేసుకుందాం అన్నాను. ఆమె నన్ను ఒక వింత మనిషిని చూసినట్టు చూసి లోపలికి పోయింది. ఫైలు పంపాను. తరువాత ప్రార్థన చేశాం. అప్పుడూ ఏడుపు రాలేదు. అప్పటినుంచి ఒంట్లో ఒక మొద్దుతనం ఉంది, పంటి డాక్టరు సూది వేసినాక దవడ ఉన్నట్టు. కదిలిస్తే కదులుతుంది గానీ నాదనిపించదు. ఈ మొద్దుతనం ఉన్నప్పుడే ఆయన గురించి రాయడం మంచిదేమో. ఎందుకంటే ఆయన గురించి మంచిమాటలు మాత్రమే రాస్తే అది ఆయన కాదు.

ముందు కొలువు సంగతి చెప్పాలి. డిగ్రీలో నేను కెమిస్ట్రీ చదివాను. చదివినవాళ్లందరూ టీచరు ట్రైనింగుకు పోయారు, నాకు పిల్లలంటే చిరాకు. ప్రొద్దుటూరులో ఒక సారు దగ్గర టైపు పని ఉందని ఎవరో చెబితే బస్సెక్కి పోయాను. బంగారు అంగళ్ల వీధి వెనకసందులో బట్టల గోడౌను, దాని పైన ఒక గది. బోర్డు లేదు. మెట్ల పొడవునా కొత్త గుడ్డల గంజివాసన. లోపల రెండు కంప్యూటర్లు, గోడ నిండా డిక్షనరీలు, మధ్యలో పంచె కట్టుకుని, పైన ఇస్త్రీ చొక్కా వేసుకుని ఒక పెద్దమనిషి. కూర్చోమనలేదు. పేరడగలేదు.

"పాలు ఎట్ల విరుగుతాయో చెప్పు" అన్నాడు.

నేను ఇంగ్లీషులో మొదలుపెట్టాను. ప్రొటీను, ఆమ్లం, పీహెచ్ అంటూ పరీక్షలో రాసినదంతా అప్పగించాను. ఆయన కళ్లు మూసుకుని విని, చివర్న తెలుగులో చెప్పమన్నాడు. నాకు రాలేదు. పాలు విరగడం మా ఇంట్లో ఎన్నిసార్లు చూశానో, చెప్పబోతే మాటే దొరకలేదు. రేపు రా, మీ అమ్మను అడిగి తెలుసుకొని రా అన్నాడు. బస్సులో వెనక్కి వస్తూ దారి పొడుగునా ఆయన్ను తిట్టుకున్నాను. మర్నాడు మళ్లీ పోయాను.

ఆయన పద్ధతే అది. టైపు పనికని పోయిన నాకు స్పానిష్ నేర్పింది కూడా ఆయనే. స్పానిష్ వాక్యం పైకి చదవాలి, తరువాత అదేమిటో తెలుగులో చెప్పాలి, అప్పుడే ఇంగ్లీషులో రాయాలి. ఇంగ్లీషు చదివేవాడికి మన తెలుగుతో పనేమిటని ఒకసారి అడిగాను. తెలుగులో చెప్పలేకపోతే నీకు అర్థం కాలేదని లెక్క, అర్థం కానిదాన్ని ఇంగ్లీషులో దాచేది శానా సులువు అన్నాడు. 'సుయెరో దె లేచె' అంటే పాలు విరిగినప్పుడు పైన నిలిచే తేటనీళ్లు. 'కువాహో' అంటే దూడ కడుపులోంచి తీసే, పాలను గడ్డకట్టించే సరుకు. 'కసెయినాతో సోదికో' అంటే పాలలోని గట్టి పదార్థాన్ని పులుపుతో విడగొట్టి, కడిగి, సోడా క్షారం కలిపి నీళ్లలో కరిగేటట్టు చేసిన పొడి. ఇదంతా నేను పైకి అప్పగిస్తుంటే కింద గోడౌనులో బేళ్లు దించే హమాలీలు ఆగి వినేవాళ్లు. పైన ఏదో వంటల క్లాసు జరుగుతోందని వాళ్ల నమ్మకం.

స్పానిష్‌లో లవణాల పేర్లు వెనకాముందు ఉంటాయి. 'లక్తాతో దె కల్సియో' అని వాళ్లంటే ఇంగ్లీషులో కాల్షియం లాక్టేట్ అనాలి. నేను మొదట్లో తికమకపడేదాన్ని. సారుకు దీనికొక లెక్క ఉంది. ఇంగ్లీషోడు ఈ ఒక్క విషయంలో మన కడపజిల్లా వాడు, ఇంటిపేరు ముందర పెట్టి తరువాత పేరు చెప్తాడు అనేవాడు. ఇప్పటికీ నేను లవణం పేరు రాసే ముందు ఇంటిపేరేదని మనసులో అడుగుతాను.

కొత్త ఫైలు వస్తే ఆయన మొదటిమాట "ఊరేది?" అని. మనవాళ్లు బస్సులో పక్కన కూర్చున్నవాడిని పేరుకంటే ముందు ఊరడిగినట్టే. దానికో కారణముంది. 'మాంతెకా' అంటే అర్జెంటీనాలో వెన్న, స్పెయిన్‌లో పందికొవ్వు. వెనకెప్పుడో సారు ఊరు చూసుకోకుండా స్పెయిన్ కాగితంలో వెన్న అని రాసి పంపాడట. ఏజెన్సీ వాళ్లు పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది. ఆ సంగతి సారు నాకు చెప్పలేదు, ఏజెన్సీ ఆమె చెప్పింది. నేను అడిగితే, వయసులో ఉన్నప్పుడు అందరూ ఏదో ఒక వెధవపని చేస్తారమ్మా అని కిటికీలోంచి బయటికి చూశాడు. అప్పటికి ఆయనకు యాభై దాటాయట.

మెచ్చుకోవడం ఆయన ఒంటికి పడని ఇంకో వస్తువు. మంచి పని చేస్తే ఫైలు మూసి పక్కకు పెట్టేవాడు. తప్పు చేస్తే ఆ వాక్యాన్ని రోజంతా గొణిగేవాడు. నా తెలుగు దిద్దేవాడు, నా ఇంగ్లీషు దిద్దేవాడు, మా అమ్మ కట్టిచ్చిన అన్నం డబ్బాలో ఉప్పు ఎక్కువైందని వాసనతోనే చెప్పేవాడు. మా అమ్మ టైఫాయిడుతో మంచంలో పడినప్పుడు నేను వారం రాకపోతే, తిరిగి వచ్చిన రోజు, ఎట్లుందని అడక్కుండా పెండింగు ఫైళ్లు ముందర పడేశాడు. ఆ రోజు సాయంత్రం చూస్తే నా సంచిలో చీనీకాయలున్నాయి. ఎవరు పెట్టారని నేను అడగలేదు, ఆయన చెప్పలేదు.

పాల సంగతి చేరిన మొదటి రోజే తెలిసింది. సందు మొగదల టీ అంగడివాడు గ్లాసులు తెచ్చినప్పుడు నాకు పాలటీ, ఆయనకు నల్లటి డికాషన్. షుగరా అని అడిగాను. కాదు, పాలు పడవు అన్నాడు. నాకు కూడా పాలమీగడ పడదు సార్ అన్నాను, ఏదో కలుపుగోలుగా. నీకు పడకపోతే వాంతి, నాకు పడకపోతే శవం అన్నాడు. ఎగతాళి అనుకున్నాను. కాదు. పుట్టినప్పటినుంచీ అంతేనట. పాలు, పెరుగు, మజ్జిగ, నెయ్యి, ఏది నోట్లో పడినా దద్దుర్లు లేచి, పెదాలు వాచి, ఊపిరి బిగుసుకుపోతుంది. చదువయ్యాక చెన్నైలో పాలసరుకు దిగుమతి చేసే కంపెనీలో రసాయన పరీక్షల ఉద్యోగం దొరికింది. స్పెయిన్ కాగితాలు చదవడం కోసం అక్కడే ఆ భాష నేర్చుకున్నాడు. కానీ గాలిలో లేచే పొడికి కూడా ఊపిరాడక ఉద్యోగం వదిలి వచ్చేశాడు. పాలతో పనికి రాను గానీ పాల పేర్లతో పనికొస్తా అని నవ్వేవాడు. ఆయన నవ్వడం నేను చూసిన కొద్దిసార్లలో అదొకటి.

పెళ్లి చేసుకోలేదు. పెళ్లిచూపులకు పోయిన చోట కాఫీ వద్దని, పాలకోవా వద్దని, మజ్జిగ కూడా వద్దని లేచి వచ్చేవాడు. పిల్లగాడికి మన ఇల్లు ఆనలేదని ఆడపెళ్లివాళ్లు అనుకునేవాళ్లట. పాడి ఉన్న ఇళ్లల్లో మజ్జిగ వద్దంటే ఇంటిమనుషులనే వద్దన్నట్టు. ఆయన విడమరచి చెప్పేవాడు కూడా కాదు. ఒకసారి చెప్తా, రెండోసారి చెప్తా, మూడోసారి చెప్తే నాకే అబద్ధం మాదిరి వినపడతాది అనేవాడు.

అందరూ నమ్మకపోయినా ఆయనకు లెక్కలేదు. ఒక్క మనిషి నమ్మకపోవడమే ఆయన్ను తినేసింది. ఆమె ఆయన అక్క.

అక్క పులివెందులలో ఉంటుంది. తల్లి లేని ఈయన్ను పెంచింది ఆమే. వారానికొకసారి ఆఫీసుకు ఫోన్ చేసేది, ఆయనకు కాదు, నాకు. "పాపా, ఏం తింటాండాడు మీ సారు?" అని మొదలుపెట్టేది. సంగటి తిన్నాడని, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి వేసుకున్నాడని నేను చెప్పేదాన్ని. చిక్కినాడా అని, దగ్గుతాండాడా అని అడిగేది. సారు కంప్యూటరు వైపు తిరిగి కూర్చునేవాడు, కానీ అంతసేపూ కీబోర్డు చప్పుడు ఉండేది కాదు. పెట్టేసినాక, ఏమంటది అని అడిగేవాడు. మీరే మాట్లాడొచ్చు కదా సార్ అంటే, మాట్లాడితే రమ్మంటది, పోతే తినమంటది అనేవాడు.

ఆ తినడం దగ్గరే వచ్చింది గొడవంతా. నేను చేరకముందు అక్క కొత్త ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి తమ్ముడి కోసమని విడిగా పూర్ణం ఓళిగలు చేసింది. నెయ్యి ముట్టించలేదు, వేరే పెనం మీద నూనెతో కాల్చింది. కానీ పిండి మాత్రం ఎప్పటిలాగే పాలతో తడిపింది. పాలతో తడిపితే మెత్తగా వస్తాయని ఆమె అలవాటు. నిప్పుల మీద కాలినాక ఇంక పాలెక్కడ ఉంటాయని ఆమె అనుకుంది. ఆమె ఒక్కతే కాదు, మా వైపు ఏ ఆడమనిషిని అడిగినా అదే చెబుతుంది. కాగినవి, కాలినవి లెక్కలోకి రావు. కేసీన్ అనే పాల ప్రొటీను మంటకు చావదని ఓళిగలు చేసే చేతులకు ఎవరు చెప్పారు? సారు రెండో ఓళిగ సగంలో పందిట్లో కింద పడ్డాడు. ఆస్పత్రిలో రెండు రోజులుండి బతికి బయటపడ్డాడు.

అక్క తప్పయిందని అనలేదు. పందిట్లో అందరి ముందర పడిపోయి నా ఇంటికి చెడ్డపేరు తెచ్చినాడని అంది. సదువు ఎక్కువైతే మనుషులకు పాలు గూడ పడవంట అని అంది. ఆమె మనసులో ఏమున్నా నోట్లోంచి వచ్చింది మాత్రం ఇవే. ఆ తరువాత సారు ఆ ఇంట్లో పొట్టు ఉన్నవి తప్ప ఏదీ ముట్టలేదు. ఉడకబెట్టిన చెనిక్కాయలు, అరటిపండ్లు, చీనీకాయలు. మనిషి చేయి లోపలికి పోలేనివి. ఆయన ప్రాణభయం అది, ఆమెకు మాత్రం చెంపదెబ్బ. "పొట్టు ఉండేదే తింటాడు పాపా. నేనేమన్నా విషం పెడ్తానా?" అని ఫోన్‌లో నన్నే అడిగేది.

ఈ కథ నాకు ఆమె కొడుకు, సారు మేనల్లుడు చెప్పాడు. సారు చెప్పిందల్లా ఒక్క సందర్భంలోనే, అదీ పని మీద.

టీ, కాఫీల్లో కలుపుకునే ఒక తెల్లపొడికి కాగితాలు వచ్చాయి. పాలు కానిది అని పైన పెద్ద అక్షరాలు. కింద దినుసుల వరుసలో కసెయినాతో సోదికో, దాని పక్కన బ్రాకెట్లో పాలనుంచి తీసినదని స్పానిష్‌లో ఉంది. ప్యాకెట్టు మీద చోటు చాలదు, ఇంగ్లీషులో ఆ బ్రాకెట్టు తీసెయ్యమని ఏజెన్సీ వాళ్లు రాశారు. సారు తీయలేదు. వాళ్లు ఫోన్ చేశారు. బ్రాకెట్టు ఎవరు చదువుతారు సార్ అన్నారు. స్పీకరు పెట్టి ఉంది కాబట్టి నాకూ వినపడుతోంది. ఆయన గొంతు పెంచలేదు.

"మా అక్క చదవదు. పైన పాలు కాదని ఉందంటే చాలు, నా కోసమని కొని, ప్రేమగా కలిపిస్తాది. చదివేది నేను. ఆ బ్రాకెట్టు తీస్తే నేను సస్తా" అన్నాడు.

అవతలివాళ్లకు ఆయన ఏమంటున్నాడో అర్థం కాలేదు. కొన్ని నెలలు మాకు ఫైళ్లు తగ్గాయి. నాకు కోపం వచ్చింది, ఇద్దరు బతికే పనిని ఒక బ్రాకెట్టు కోసం పోగొట్టుకోవడమేమిటని. ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనకది తెలిసినట్టు కూడా లేదు. తరువాత మెల్లగా ఫైళ్లు మళ్లీ వచ్చాయి, ఎందుకంటే మాంతెకాకు ఊరడిగేవాళ్లు వాళ్లకు ఇంకెవరూ దొరకలేదు.

రెండేళ్ల కిందట అక్క వాకిట్లో జారిపడి తొడ ఎముక విరిగింది. ఆపరేషనయి ఇంటికి వచ్చినాక సారు చూడ్డానికి పోతూ నన్ను రమ్మన్నాడు. ఆడమనిషి పక్కనుంటే అక్క తిట్టదు అన్నాడు. అది ఆయన భ్రమ. ఆమె సావిట్లో మంచం మీద ఉంది. పొడవాటి మనిషి, పెద్ద ముక్కుపుడక, గొంతు మాత్రం ఫోన్‌లో కంటే చిన్నది. కోడలు ఒక చాటలో ఉడికిన చెనిక్కాయలు తెచ్చి సారు ముందర పెట్టింది. నాకు పాలకాఫీ. ఆయన కాయలు ఒలుస్తూ కూర్చున్నాడు. అక్క ఆయన వైపు చూడకుండా నాతోనే మాట్లాడింది, ఆయన ఆ గదిలో లేనట్టు.

"మాయమ్మ పోయేటప్పటికి వీడు చంటిబిడ్డ. వీనికోసమని మా నాయన ఎనుమును తోలకొచ్చినాడు. పొద్దున పిండుతా, కాంచుతా, ఉగ్గుగిన్నెతో పోస్తా. అంతా కక్కేటోడు. ఒళ్లంతా ఎర్రగ పొంగేది. ఊర్లో ఆడోళ్లు ఏమన్న్యారో తెల్సా పాపా? ఈ పిల్లకు బిడ్డను సాకేది రాదు, పాలు తాపేది గూడ చేతగాదు అన్న్యారు. నాకు అప్పటికి పావడా కట్టుకునే వయసు. ఇంగ సావనీ బతకనీ అని రాగి గంజి పోస్తే, అది తాగినాడు."

ఇది చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. నాకు మాత్రం అప్పుడు తెలిసింది. తమ్ముడికి పాలు పడవంటే ఆమె చెవికి వినపడేది ఆ ఆడవాళ్ల మాట. పాలు తాగించి తీరాలన్న పంతం ఆ చిన్నపిల్లది, ఈ ముసలమ్మది కాదు. పిండి పాలతో తడిపిన చేతులు కూడా ఆ పిల్లవే అయ్యుంటాయి.

సారు ఒలుస్తున్న కాయ చేతిలోనే ఆగిపోయింది. "నీకు చేతగాక కాదుక్కా. నాకు పడక" అన్నాడు.

అక్క గోడవైపు తిరిగింది. కోడలు వచ్చి మాత్రల వేళయిందని లేపింది. మేము లేచాం. ప్రొద్దుటూరు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. అరటితోటలు వెనక్కి పోతున్నాయి. వేంపల్లె దాటినాక అడిగాడు.

"నమ్మిందంటావా?"

"లేదు సార్" అన్నాను.

తల ఊపాడు. ఆ తేటనీళ్ల పొడి ఫైలు రేపు పంపాలి కదా అన్నాడు. అవునన్నాను. ఆయన్ను ఓదార్చడం నాకు చేతకాలేదు, ఆయన కూడా దానికోసం అడగలేదు. నిజమే చెప్పమన్నట్టు అడిగాడు, చెప్పాను.

ఇంతలో అనువాదాలు చేసే యంత్రాలు వచ్చాయి. పేజీలు పేజీలు క్షణంలో ఇంగ్లీషులోకి మారిపోతాయి, మేము దిద్దాలి, సగం కూలికి. యంత్రం ఊరడగదు అని సారు గొణిగేవాడు. చూపు మందగించింది. గది ఖాళీ చేసి డిక్షనరీలన్నీ ఇంటికి మార్చుకున్నాడు, పని నన్ను జమ్మలమడుగులోనే చేసుకోమన్నాడు. నెలకోసారి పోయి చూసేదాన్ని. చివరిసారి పోయినప్పుడు ఒక స్పానిష్ వాక్యం పైకి చదవమని అడిగి, కళ్లు మూసుకుని విన్నాడు. తెలుగులో చెప్పమనలేదు. నాకు అది కొంచెం బాధ కలిగించింది, అంతే. ఆ తరువాత వచ్చింది మేనల్లుడి ఫోనే.

పూడ్చిన రోజు నేను పోలేదు. మూడో రోజు పోయాను. మా క్రైస్తవుల్లో ఇది లేదు గానీ, వాళ్లకు మూడో నాడు సమాధి మీద పాలు పోసే ఆచారం ఉంది. తోటలో చీనీచెట్ల చివర కొత్త మట్టిదిబ్బ. ఆకులో ఓళిగలు, పాయసం, పెరుగన్నం పెట్టారు. పోయినవాళ్లకు ఇష్టమైనవి పెట్టాలి కదా, మామకు ఏమిష్టమో ఎవరికీ తెల్దు పాపా, ఎవరింట్లోనూ తినలేదు కదా అని మేనల్లుడు నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు. నేను చుట్టూ చూశాను. ముప్పై నలభైమంది ఉన్నారు. అందరూ మర్యాదగా, బాధగా, చేతులు కట్టుకుని ఉన్నారు. నేను కూడా అట్లాగే నిలబడ్డాను. ఏమీ అనిపించలేదు.

అక్క కర్ర ఊతంతో, కోడలి భుజం పట్టుకుని వచ్చింది. ఇంటికి పెద్దది కాబట్టి ముందు ఆమే పోయాలన్నారు. మేనల్లుడు పాలచెంబు ఆమె చేతికిచ్చాడు. ఆమె చెంబులోకి చూసి అట్లాగే నిలబడిపోయింది. పోయమ్మా అన్నాడు కొడుకు. ఆమె పోయలేదు.

"పాలు వొద్దు. వానికి పాలు పడవు" అంది.

అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమెకు వరసకు బాబాయి అయ్యే పెద్దాయన ముందుకు వచ్చి, సచ్చినోనికి పడేదేంది, పడకపోయేదేంది, ఆచారం కానీయమ్మా అన్నాడు. ఆమె ఆయన వైపు తిరిగింది.

"నేను గూడ ఇట్లనే అంటి. కాలినంక పాలేంది, ఏం గాదులే అంటి. పందిట్లో పడి కొట్టుకున్యాడు నా కండ్ల ముందర. అప్పుడు గూడ నమ్మలే నేను. ఇంగ సాలు. ఈ ఆకు గూడ తీసెయ్యండి. దీంట్లో వాడు తినేది ఒక్కటి ల్యా."

కోడలు వంగి ఆకు తీసింది. అక్క పక్కకు నడిచి, చెంబులో పాలు ఒక చీనీచెట్టు మొదట్లో గుమ్మరించింది. అక్కడ బోరు నీళ్లు పైపులోంచి కాలువలోకి పడుతున్నాయి. ఆమెకు విరిగిన కాలు వంగదు. కర్ర పక్కన పెట్టి, ఒక పక్కకు ఒరిగి నేల మీద కూలబడింది. నేను పోయి, ఇట్లియ్యండి పెద్దమ్మా, నేను తోముతా అన్నాను. ఇవ్వలేదు. పిడికెడు మట్టి తీసి చెంబు లోపల రుద్దింది, కడిగింది, మళ్లీ మట్టి తీసింది. అంచు కింద, మెడ లోపల, వేళ్లు పట్టనిచోట కొంగు చుట్టి తోమింది. ఎండకు ఎత్తి లోపలికి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. తరువాత చెంబు నా చేతికిచ్చింది.

"నీకు తెలుస్తాది గదా పాపా, ఆ సదువు సదివినావు. ఇంగా ఉందా దీంట్లో? కడిగితే పోతాదా?"

పాల జాడలు ఉండవచ్చు అని ఒక వాక్యం ప్రతి కాగితం చివరా వస్తుంది. ఎంత కడిగినా ఏదో మిగులుతుందని ఒప్పుకునే వాక్యం. స్పానిష్‌లో చూడకుండా చెప్పగలను, ఇంగ్లీషులో చూడకుండా రాయగలను. చెంబు రెండు చేతులతో పట్టుకుని లోపలికి చూశాను. ఏమీ కనపడలేదు, ఎందుకంటే అప్పటికే నాకు కళ్లనిండా నీళ్లు.

"లేదు పెద్దమ్మా. పోయింది" అన్నాను.

ఆమె పైపు దగ్గర చెంబు నింపుకుంది. నేనూ కోడలూ చెరోవైపు పట్టి లేపాం. దిబ్బ దగ్గరికి వచ్చి, తలవైపు ఏదని కొడుకును అడిగి, అక్కడ వంగగలిగినంత వంగి, సన్నటి ధారగా పోసింది.

"తాగు నాయనా. ఉత్త నీళ్లే. చెంబు నేనే కడిగినా."